గిగా డ్రెయినా, డ్రెయిన్ పంచా, లీచ్ లైఫా: మీ పోకెమాన్‌కి ఏ జలగ మూవ్ నేర్పాలి?

పోకెమాన్ వీడియో గేమ్‌లలో చిక్కంతా నాలుగు స్లాట్ల దగ్గరే, ఒక్కో పోకెమాన్‌కి నాలుగే మూవ్‌లు (పోరులో వాడే విద్యలు) ఉంచగలం. ఐదో మూవ్‌కి చోటు ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. కొట్టడానికి రెండు, బలం పెంచుకోవడానికి ఒకటి, ప్రాణం నిలుపుకోవడానికి ఒకటి అనుకుంటూ లెక్క వేస్తుంటే, కొడుతూనే అవతలివాడి హెచ్‌పీ (ప్రాణబలం) పీల్చుకునే మూవ్ కనబడగానే ఎవరికైనా మనసు అటే లాగుతుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు కదా అనిపిస్తుంది. నేనూ ఏళ్ల తరబడి అలాగే అనుకుని, కనబడిన ప్రతి గడ్డి పోకెమాన్‌కీ గిగా డ్రెయిన్ నేర్పేసి, ఆ తర్వాత రెండో పిట్ట ఎందుకు పడటం లేదా అని తల గోక్కున్నవాణ్ణే.

ముందే చెప్పేస్తున్నా, ఈ మూవ్‌లని మందు అనుకుని ఎంచుకుంటే దెబ్బ తింటారు. హెచ్‌పీ రాకపోయినా ఆ మూవ్‌తో కొట్టే పరిస్థితి మీ పోకెమాన్‌కి ఉందా లేదా అన్నదే చూడాలి. ఉంటే వచ్చే హెచ్‌పీ అంతా లాభమే, లేదంటే అదొక బలహీనమైన అటాక్, దాని పక్కన కాస్త ఓదార్పు, అంతే.

ఎందుకలా అంటున్నానో తెలియాలంటే లెక్క తెలియాలి. గిగా డ్రెయిన్, డ్రెయిన్ పంచ్, లీచ్ లైఫ్, హార్న్ లీచ్, వీటన్నిటికీ సూత్రం ఒకటే, అవతలి పోకెమాన్ నిజంగా ఎంత హెచ్‌పీ కోల్పోయిందో అందులో సగం మీకొస్తుంది. ఇక్కడ "నిజంగా" అన్న మాట దగ్గర ఆగండి. మీ దెబ్బ ఎంత బలమైనది అని కాదు, అవతలివాడి దగ్గర పోవడానికి ఎంత ఉంది అని. కుండలో ఉన్నంతే గరిటెలోకి వస్తుంది. ఐరన్ హ్యాండ్స్ డ్రెయిన్ పంచ్‌తో నిండు హెచ్‌పీలో ఉన్న కింగాంబిట్‌ని కొట్టిందనుకోండి, కింగాంబిట్ టైప్‌లు (జాతులు) డార్క్, స్టీల్, ఆ రెండిటి మీదా ఫైటింగ్ టైప్ మూవ్ సూపర్ ఎఫెక్టివ్, అంటే రెట్టింపు, కాబట్టి నాలుగు రెట్ల దెబ్బ, లెవెల్ 50లో హెచ్‌పీ పూర్తిగా పెంచిన కింగాంబిట్‌కి 207 ఉంటాయి, ఒక్క దెబ్బకు పడిపోతే మీకు నూటికి పైగా వస్తాయి. అదే కింగాంబిట్ 20 హెచ్‌పీతో కొన ఊపిరి మీద ఉన్నప్పుడు అదే గుద్దు గుద్దితే వచ్చేది 10. దెబ్బ బలం మారలేదు, రాబడి మాత్రం పది రెట్లు తగ్గింది. అందుకే చివరి దెబ్బకి ఈ మూవ్‌ని దాచుకునే అలవాటు ఉంటే మానుకోండి, నిండుగా ఉన్నవాడి మీద వాడండి, ఆఖరి గుక్కకి వేరే మూవ్ చూసుకోండి.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. పీల్చిన హెచ్‌పీ పట్టడానికి మీ దగ్గర ఖాళీ ఉండాలి. వేగంగా ఉండే పోకెమాన్ నిండు హెచ్‌పీతో ముందుగా కొడితే ఆ టర్న్‌లో (ఇద్దరూ ఒక్కో మూవ్ వాడే వంతులో) పీల్చిందంతా ఒలికిపోయినట్టే. నెమ్మదిగా ఉండేది ముందు దెబ్బ తింటుంది, తర్వాత కొడుతుంది, అంటే పోయినదాన్ని అదే టర్న్‌లో కొంత వెనక్కి రాబట్టుకుంటుంది. ఐరన్ హ్యాండ్స్ బేస్ స్పీడ్ (పుట్టుకతో ఉండే వేగం) 50, కాంకెల్డర్‌ది 45, ఈ రెండిటికీ డ్రెయిన్ పంచ్ అంతగా అతకడానికి ఇదొక కారణం. వేగంగా ఉండి, ఒక్క గట్టి దెబ్బకే పడిపోయే పోకెమాన్‌కి మాత్రం పీల్చే మూవ్ దండగ, దానికి ఉన్న ఆ ఒక్క టర్న్‌లో పెద్ద దెబ్బ కొట్టడమే మేలు.

ఇక అంకెలు. గిగా డ్రెయిన్ పవర్ 75, డ్రెయిన్ పంచ్ 75, హార్న్ లీచ్ 75, లీచ్ లైఫ్ 80, ఇవన్నీ సగం ఇస్తాయి. డ్రెయినింగ్ కిస్ పవర్ 50 మాత్రమే, కానీ అది 75 శాతం ఇస్తుంది. ఆ 75 శాతం చూసి మురిసిపోతారు గానీ గుణించి చూడండి, 50లో మూడొంతులు 37.5, 75లో సగం కూడా 37.5. మిగతావన్నీ సమానంగా ఉంటే వచ్చే హెచ్‌పీ రెండిటికీ ఒకటే, అవతలివాడికి తగిలే దెబ్బ మాత్రం డ్రెయినింగ్ కిస్‌కి మూడింట ఒక వంతు తక్కువ. అంటే ముద్దు పెట్టినా గుద్దినా మీకొచ్చేది అంతే అన్నమాట.

గిగా డ్రెయిన్ సంగతి ముందు తేల్చేద్దాం, ఎక్కువమంది ముందుగా చూసే మూవ్ అదే. ఇది రెండో తరం ఆటల్లో వచ్చినప్పుడు పవర్ 60, పీపీ (ఎన్నిసార్లు వాడొచ్చో ఆ లెక్క) 5 మాత్రమే. నాలుగో తరంలో పీపీ 10 అయింది, 2010లో వచ్చిన బ్లాక్, వైట్ నుంచి పవర్ 75కి పెరిగింది, అప్పటినుంచే దీనికి అసలు గౌరవం. దీని ఎదురుగా నిలిచేవి రెండు, ఎనర్జీ బాల్ పవర్ 90, లీఫ్ స్టార్మ్ పవర్ 130. లీఫ్ స్టార్మ్ ఒకసారి కొడితే మీ స్పెషల్ అటాక్ (శరీరబలంతో కాక శక్తితో కొట్టే బలం) రెండు మెట్లు పడిపోతుంది, పైగా పదిలో ఒకసారి తప్పుతుంది కూడా, కాబట్టి అది కొట్టి వెనక్కి వెళ్లిపోయే పోకెమాన్‌కి సరిపడే మూవ్, రంగంలో నిలబడి పోరాడేవాటికి కాదు. ఎనర్జీ బాల్‌తోనే అసలు పోటీ. 90కి 75 అంటే ఆరో వంతు దెబ్బ వదులుకుంటున్నారు, బదులుగా కొట్టినదాంట్లో సగం మీకు వస్తోంది. వీనసార్ లాంటి ఒళ్లున్న పోకెమాన్‌కి ఈ బేరం చాలాసార్లు లాభమే. కానీ ఆ ఆరో వంతు వల్ల ఒక దెబ్బలో పడాల్సినవాడు పడకుండా మిగిలిపోతే, వాడు తిరిగి కొట్టే దెబ్బ మీరు పీల్చినదానికంటే పెద్దదై కూర్చుంటుంది. కాబట్టి మీ టీమ్‌లో ఈ పోకెమాన్ ఎవరిని పడగొట్టాలని పెట్టారో వాళ్ల పేర్లు రాసుకుని, డ్యామేజ్ కాలిక్యులేటర్‌లో రెండు మూవ్‌లూ వేసి చూడండి. రెండిటికీ అదే సంఖ్యలో దెబ్బలు పడుతుంటే గిగా డ్రెయిన్, ఎనర్జీ బాల్‌తో ఒక దెబ్బ తగ్గుతుంటే ఎనర్జీ బాల్. ఇంతకు మించి ఆలోచించాల్సింది లేదు.

గ్రాస్ టైప్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. వాటర్, గ్రౌండ్, రాక్ మీద సూపర్ ఎఫెక్టివ్, బాగానే ఉంది, కానీ దీన్ని తట్టుకునే టైప్‌లు ఏడు: ఫైర్, గ్రాస్, పాయిజన్, ఫ్లయింగ్, బగ్, డ్రాగన్, స్టీల్. తట్టుకున్నాడంటే దెబ్బ సగం, వచ్చే హెచ్‌పీ కూడా సగం. మీకు ప్రాణం బాగా అవసరమైన సమయంలో ఎదురుగా స్టీల్ పోకెమాన్ నిలబడి ఉంటే గిగా డ్రెయిన్ నొక్కడం ఎండిన బావిలో చేద వేయడమే.

అలాగని గిగా డ్రెయిన్ గడ్డి పోకెమాన్‌లకే అనుకోవద్దు. దీన్ని అందరికంటే తెలివిగా వాడుకునేది నా దృష్టిలో వోల్కరోనా. బగ్, ఫైర్ టైప్, రాక్ దెబ్బ తగిలితే నాలుగు రెట్లు, దాని ఫైర్ మూవ్‌లకి అడ్డం పడేవి వాటర్, రాక్ పోకెమాన్‌లు, సరిగ్గా వాటి మీదే గిగా డ్రెయిన్ సూపర్ ఎఫెక్టివ్. క్వివర్ డాన్స్ ఒక్కసారి పడిందంటే స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్, స్పీడ్ మూడూ పెరుగుతాయి, ఆ తర్వాత వాటర్ పోకెమాన్ వచ్చి అడ్డం నిలబడితే దాన్నే నీళ్లతొట్టిలా వాడుకుని హెచ్‌పీ నింపుకుంటుంది. ఇక్కడ గమనించండి, హెచ్‌పీ రాకపోయినా వోల్కరోనాకి ఈ మూవ్ కావాలి, ఎందుకంటే కొట్టాల్సినవాళ్లని కొడుతోంది. నేను మొదట చెప్పింది ఇదే.

గ్రాస్‌లోనే శరీరబలంతో కొట్టేవాటికి హార్న్ లీచ్ ఉంది, ఐదో తరంలో వచ్చింది. చాలాకాలం దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, 2023లో టీల్ మాస్క్‌తో (స్కార్లెట్, వయొలెట్ ఆటలకి వచ్చిన అదనపు భాగం) ఓగర్‌పాన్ వచ్చాక మళ్లీ మాట్లాడుకోవడం మొదలైంది. ఓగర్‌పాన్ వాటర్ లేదా ఫైర్ ముసుగు వేసుకున్నప్పుడు దాని సొంత మూవ్ ఐవీ కడ్జెల్ ఆ టైప్‌లోకి మారిపోతుంది, అప్పుడు గ్రాస్ మూవ్ విడిగా ఒకటి కావాలి. పవర్ విప్ 120 కానీ గురి 85 శాతం, వుడ్ హ్యామర్ కూడా 120 కానీ కొట్టిన దెబ్బలో మూడో వంతు మీకే తగులుతుంది, హార్న్ లీచ్ 75, గురి తప్పదు, పైగా తిరిగి ఇస్తుంది. స్వోర్డ్స్ డాన్స్‌తో అటాక్ పెంచుకుని ఎక్కువసేపు నిలబడే ఓగర్‌పాన్‌కి నేనైతే హార్న్ లీచే ఇస్తాను. నాలుగు మూవ్‌లూ దెబ్బలే పెట్టి దూసుకుపోయే రకానికి పవర్ విప్. వందలో పదిహేనుసార్లు తప్పిపోయే మూవ్‌ని నమ్ముకోవడం టెన్షన్ అనుకుంటే మళ్లీ హార్న్ లీచ్.

డ్రెయిన్ పంచ్ దగ్గరికి వచ్చేసరికి నాకు పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను. అందరికీ దొరికే జలగ మూవ్‌లలో ఇదే గొప్పది. కారణం పవర్ కాదు, టైప్. ఫైటింగ్ ఐదు టైప్‌ల మీద సూపర్ ఎఫెక్టివ్, నార్మల్, ఐస్, రాక్, డార్క్, స్టీల్. ఎక్కువమందిని గట్టిగా కొడుతుంది కాబట్టి ఎక్కువసార్లు ఎక్కువ పీలుస్తుంది. ఘోస్ట్ వస్తే మాత్రం చేతులెత్తేయాల్సిందే, సున్నా. దీనికి పోటీ క్లోజ్ కాంబాట్, పవర్ 120, కానీ కొట్టిన ప్రతిసారీ మీ డిఫెన్స్, స్పెషల్ డిఫెన్స్ రెండూ ఒక్కో మెట్టు పడతాయి. ఒకటి కొట్టి పోయే పోకెమాన్‌కి క్లోజ్ కాంబాట్, నిలబడే పోకెమాన్‌కి డ్రెయిన్ పంచ్, ఇక్కడ తికమకే లేదు.

దీనికి తోడు అసాల్ట్ వెస్ట్. ఆ ఐటెమ్ (పోకెమాన్ వెంట ఉంచే వస్తువు) స్పెషల్ డిఫెన్స్‌ని ఒకటిన్నర రెట్లు చేస్తుంది, కానీ దాన్ని తొడుక్కున్న పోకెమాన్ కొట్టే మూవ్‌లు తప్ప ఇంకేవీ వాడలేదు. ప్రాణం పోసుకునే రికవర్ లేదు, రూస్ట్ లేదు. అలాంటప్పుడు ప్రాణం నిలుపుకోవడానికి మిగిలిన దారి కొడుతూ పీల్చుకోవడమే. ఐరన్ హ్యాండ్స్‌కి బేస్ హెచ్‌పీ 154, అటాక్ 140, స్పెషల్ డిఫెన్స్ మాత్రం 68, ఆ లోటు వెస్ట్ పూడుస్తుంది, తగిలిన గాయాన్ని డ్రెయిన్ పంచ్ మాన్పుతుంది. స్కార్లెట్, వయొలెట్ డబుల్స్‌లో (ఇద్దరిద్దరు పోకెమాన్‌లు దిగే పోరులో) ఫేక్ అవుట్, డ్రెయిన్ పంచ్, వైల్డ్ చార్జ్ అంటూ ఇది ఎంతమందిని ఏడిపించిందో ఆడినవాళ్లకి చెప్పనక్కర్లేదు. కాంకెల్డర్‌కి ఐరన్ ఫిస్ట్ ఎబిలిటీ (సహజ గుణం) ఉంటే గుద్దు మూవ్‌ల పవర్ 20 శాతం పెరుగుతుంది, 75 కాస్తా 90 అవుతుంది, పీల్చేదీ ఆ మేరకు పెరుగుతుంది. అదే కాంకెల్డర్‌కి గట్స్ ఉంటే కాలిన గాయం తగిలినా దెబ్బ తగ్గదు, మిగతావాళ్లకి బర్న్ పడితే శరీరబలంతో కొట్టే దెబ్బ సగమైపోతుంది, అంటే పీల్చేది కూడా సగమే. ఇంటిమిడేట్ (మీ అటాక్ తగ్గించే ఎబిలిటీ) తగిలినా అంతే, దెబ్బలో మూడో వంతు పోతుంది, రాబడిలోనూ మూడో వంతు పోతుంది. ఈ విషయంలో గిగా డ్రెయిన్ ధీమాగా ఉంటుంది, దానికి బర్న్‌తో ఇంటిమిడేట్‌తో పని లేదు.

రెయిడ్‌లు (నలుగురు కలిసి ఒక బాస్ పోకెమాన్‌తో పోరాడేవి) ఆడేవాళ్లయితే ఇంకో మాట. స్కార్లెట్, వయొలెట్ టెరా రెయిడ్‌లలో అవతలివాడి ప్రాణం కొండంత ఉంటుంది, కాబట్టి కుండ ఖాళీ అయిపోయే బాధ లేదు, కొట్టినంతసేపూ వస్తూనే ఉంటుంది. ఐరన్ హ్యాండ్స్‌తో బెల్లీ డ్రమ్ వేస్తే సగం హెచ్‌పీ పోయి అటాక్ ఒకేసారి నాలుగు రెట్లు అవుతుంది, ఆ పోయిన సగాన్ని తర్వాతి డ్రెయిన్ పంచ్‌లు వెనక్కి తెస్తాయి. యానిహిలేప్ ఉంటే అది ఇంకా బాగుంటుంది, దాని రేజ్ ఫిస్ట్ తిన్న ప్రతి దెబ్బకీ 50 చొప్పున పెరుగుతూ 350 వరకు వెళ్తుంది, దెబ్బలు తింటూ బతికుండటమే దాని బలం, బతికించేది డ్రెయిన్ పంచ్. ఘోస్ట్‌ని తట్టుకునే రెయిడ్ బాస్ వచ్చినప్పుడు మాత్రం యానిహిలేప్‌ని పక్కన పెట్టండి.

లీచ్ లైఫ్ కథ వేరే. మొదటి ఆటల నుంచి ఉన్న మూవ్ ఇది, మౌంట్ మూన్‌లో అడుగుకో జూబాట్ వచ్చి విసిగించే రోజుల్లో దీని పవర్ 20. ఇరవై! జలగ కాదు, దోమ కూడా కాదు. ఇరవై ఏళ్లు అలాగే ఉంచి, 2016లో సన్, మూన్ వచ్చేసరికి ఒక్కసారిగా 80కి పెంచేశారు, దాంతో పసి జూబాట్‌ల చేతిలో అంత మూవ్ ఉంటే బాగుండదని వాటికి అబ్జార్బ్ ఇచ్చి సరిపెట్టారు. పవర్ 80 అంటే గిగా డ్రెయిన్ కంటే ఎక్కువే. కానీ బగ్ టైప్ అన్నదే దీని శాపం. గ్రాస్, సైకిక్, డార్క్ మూడిటి మీదే సూపర్ ఎఫెక్టివ్, తట్టుకునేవి ఏడు, ఫైర్, ఫైటింగ్, పాయిజన్, ఫ్లయింగ్, ఘోస్ట్, స్టీల్, ఫెయిరీ. పైగా బగ్‌లో దీనికి పోటీ యూటర్న్. పవర్ 70 మాత్రమే అయినా కొట్టి బయటికి వచ్చేయొచ్చు, ఎదురుగా ఉన్నవాడు మనకి పడడు అనిపిస్తే సరైన పోకెమాన్‌ని దింపొచ్చు, ఆ సౌకర్యం ముందు లీచ్ లైఫ్ ఇచ్చే హెచ్‌పీ చాలాసార్లు తేలిపోతుంది. కాబట్టి యూటర్న్ నేర్చుకోగల పోకెమాన్‌కి ముందు యూటర్న్ చూడండి. లీచ్ లైఫ్ ఎవరికంటే, బజ్‌వోల్ లాగా బల్క్ అప్‌తో బలం పెంచుకుని కదలకుండా కూర్చునేవాటికి, బేస్ అటాక్ 139, డిఫెన్స్ 139 ఉన్న ఆ దోమ రాక్షసుడికి రక్తం పీల్చే మూవ్ చూడటానికి కూడా బాగుంటుంది. గోలిసోపాడ్‌కి హెచ్‌పీ సగం కిందికి పడగానే రంగం వదిలి పారిపోయే ఎబిలిటీ ఉంది, సగం పైన ఉండటానికి లీచ్ లైఫ్ పనికొస్తుంది, అయినా మొదటి టర్న్‌లో మాత్రం ఫస్ట్ ఇంప్రెషనే కొట్టండి, 90 పవర్‌తో అందరికంటే ముందు తగులుతుంది.

డ్రెయినింగ్ కిస్ గురించి పైన కాస్త చులకనగా మాట్లాడాను గానీ దానికి ఒక ఇల్లు ఉంది. కంఫీ. దాని ట్రయాజ్ ఎబిలిటీ వల్ల ప్రాణం పోసే మూవ్‌లన్నిటికీ ప్రయారిటీ (వేగంతో పని లేకుండా ముందు కొట్టే హక్కు) మూడు మెట్లు పెరుగుతుంది, పీల్చే దెబ్బలకీ అది వర్తిస్తుంది. ఆ బుజ్జి పూలదండ అందరికంటే ముందు కొట్టి, కొట్టిందాంట్లో మూడొంతులు తాగేస్తుంది. బలం పెంచే కామ్ మైండ్ రెండుసార్లు పడిందంటే దాన్ని దింపడం కష్టం. రంగం మీద సైకిక్ టెర్రెయిన్ పరిచి ఉంటే మాత్రం నేల మీదున్నవాళ్లని అది కొట్టలేదు, ప్రయారిటీ మూవ్‌లకి అక్కడ తలుపులు మూసే ఉంటాయి. ఇంకొకటి హాటరీన్, కామ్ మైండ్‌తో నెమ్మదిగా బలం పెంచుకుని, మ్యాజిక్ బౌన్స్‌తో టాక్సిక్ (విషం ఎక్కించే మూవ్) లాంటివి తిప్పికొడుతూ, ముద్దుల మీద బతికేస్తుంది. వీటిని వదిలేస్తే, మూన్‌బ్లాస్ట్ నేర్చుకోగల ఫెయిరీ ఏదైనా సరే దానికి మూన్‌బ్లాస్టే ఇవ్వండి, 95కి 50కి పోలికే లేదు.

ఒక్కొక్కళ్ల సొంత మూవ్‌లని ఎంచుకునేదేమీ లేదు, ఉంటే పెట్టుకోవడమే. ఇవెల్టాల్ ఆబ్లివియన్ వింగ్ పవర్ 80, ఇచ్చేది 75 శాతం, లెక్కేస్తే 60 వస్తుంది, గిగా డ్రెయిన్ 37.5తో పోల్చుకోండి. సెరూలెడ్జ్ బిటర్ బ్లేడ్ పవర్ 90, సగం ఇస్తుంది, అంటే 45, ఫైర్ టైప్‌లో మరో ఆలోచన లేకుండా పెట్టేయొచ్చు (వయొలెట్ ఉన్నవాళ్లు జాపాపికో ఊళ్లో 10 సినిస్టీ చిప్స్ ఇస్తే దొరికే కవచంతో చార్కాడెట్‌ని ఎవాల్వ్ చేసుకోవాలి, ఆ చిప్స్ కోసం తిరిగే తిరుగుడే అసలు పరీక్ష). సినిస్చా మాచా గాచా ఇద్దరినీ ఒకేసారి కొడుతుంది, పవర్ 80, ఇద్దరి మీద పడ్డప్పుడు మూడొంతులకి తగ్గుతుంది, అయినా ఇద్దరి దగ్గరా పీల్చుకుంటుంది కాబట్టి మొత్తం మీద ఆబ్లివియన్ వింగ్‌తో సమానం, పైన 20 శాతం సార్లు కాల్చేస్తుంది కూడా. పదిలో ఒకసారి తప్పుతుంది, ఆ ఒక్కసారి ఎప్పుడో మీకు తెలుసు. పారాబాలిక్ చార్జ్ 65తో చుట్టూ ఉన్నవాళ్లందరినీ కొడుతుంది, ఆ అందరిలో మీ పక్కవాడూ ఉంటాడు, డబుల్స్‌లో పక్కన ఈ ఎలక్ట్రిక్ దెబ్బ తగలని గ్రౌండ్ టైప్ లేకపోతే జోలికి పోకండి. డ్రీమ్ ఈటర్ గురించి ఒక్క ముక్క, పవర్ 100, నిద్రపోయినవాడి మీదే పనిచేస్తుంది, వాణ్ణి నిద్రపుచ్చడానికి ఒక టర్న్, అది తగలకపోతే ఇంకో టర్న్, వాడు లేచాడంటే అంతా వృథా. వద్దు.

చాలామంది వీటితో కలిపి చూసేది లీచ్ సీడ్. అది వేరే జాతి. విత్తనం ఒకసారి పడితే ప్రతి టర్న్ చివర అవతలివాడి పూర్తి హెచ్‌పీలో ఎనిమిదో వంతు మీకు వస్తుంది, మీ అటాక్ ఎంత తక్కువైనా సరే. అంటే కొట్టే బలం లేనివాళ్లకి లీచ్ సీడ్, బలం ఉన్నవాళ్లకి గిగా డ్రెయిన్. అవతలివాడికి హెచ్‌పీ ఎక్కువ ఉన్నకొద్దీ విత్తనానికి పంట ఎక్కువ. కానీ గ్రాస్ టైప్‌లకి అది తగలదు, సబ్‌స్టిట్యూట్ (అడ్డం పెట్టుకునే బొమ్మ) వెనక ఉన్నవాడికి తగలదు, స్విచ్ అయిపోతే రాలిపోతుంది. స్విచ్ అయ్యేలా చేయడమే లాభం అనుకునే ఆట మీదైతే సరే. మొదటి తరం ఆటల్లో టాక్సిక్‌తో కలిపి వేస్తే విత్తనం లాగే హెచ్‌పీ టర్న్ టర్న్‌కీ పెరిగిపోయే ఒక లోపం ఉండేది, తర్వాత సరిచేశారు, పాతకాలం వాళ్లు దాన్ని ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు. స్ట్రెంత్ సాప్ ఇంకోరకం, అవతలివాడి అటాక్ ఎంతుందో అంత హెచ్‌పీ మీకు, పైగా వాడి అటాక్ ఒక మెట్టు తగ్గుతుంది. కండలున్నవాడు ఎదురుగా ఉంటే దీన్ని మించిన మందు లేదు, స్పెషల్ అటాక్‌తో కొట్టేవాడు ఉంటే చుక్క చుక్కే.

ఐటెమ్ విషయంలో బిగ్ రూట్ అని ఒకటుంది, పీల్చేదాన్ని 30 శాతం పెంచుతుంది. పేరు చూసి ఆశపడేవాళ్లకి ఒక లెక్క. మీ గిగా డ్రెయిన్ 100 హెచ్‌పీ తీసిందనుకుందాం. మామూలుగా 50 వస్తుంది, బిగ్ రూట్ ఉంటే 65. అదే లైఫ్ ఆర్బ్ పెట్టుకుంటే దెబ్బే 130 అవుతుంది, సగం 65, పోకెమాన్‌కి మొత్తం 180 హెచ్‌పీ ఉంటే ఆర్బ్ 18 లాక్కుంటుంది, చేతిలో 47 మిగులుతుంది. ఏ ఐటెమ్ లేనప్పటికంటే మూడు హెచ్‌పీ తక్కువతో 30 శాతం ఎక్కువ దెబ్బ, మిగతా మూవ్‌లకి కూడా. లెఫ్టోవర్స్ అయితే 180కి టర్న్‌కి 11 ఇస్తుంది, మీరు కొట్టినా కొట్టకపోయినా, గురి తప్పినా, ప్రొటెక్ట్‌లో కూర్చున్నా. బిగ్ రూట్ ఇచ్చే అదనపు 15 మీరు ఆ మూవ్ కొట్టి, అది 100 తీసిన టర్న్‌లలో మాత్రమే. నేను బిగ్ రూట్ పెట్టి గెలిచిన ఆటలు లేకపోలేదు, అవి వేరే ఐటెమ్ ఉన్నా గెలిచేవే.

ఎదురుదెబ్బలు కూడా తెలుసుకుని పెట్టుకోండి. గిగా డ్రెయిన్ తాకకుండా కొడుతుంది, డ్రెయిన్ పంచ్, లీచ్ లైఫ్, హార్న్ లీచ్, బిటర్ బ్లేడ్, చివరికి డ్రెయినింగ్ కిస్ కూడా, తాకి కొట్టేవే. అవతలివాడి దగ్గర రాకీ హెల్మెట్ ఉంటే తాకిన ప్రతిసారీ మీ పూర్తి హెచ్‌పీలో ఆరో వంతు పోతుంది. హెచ్‌పీ పెంచని ఐరన్ హ్యాండ్స్‌కి లెవెల్ 50లో 229, అందులో ఆరో వంతు 38, అంటే మీ గుద్దు 76 కంటే ఎక్కువ తీస్తే తప్ప ఆ టర్న్‌లో మీకు లాభం లేదు. సైకిక్ నాయిస్ తగిలితే రెండు టర్న్‌లు ప్రాణం పోసుకునే మూవ్‌లు బంద్.

అన్నిటికంటే ఘోరం లిక్విడ్ ఊజ్ ఎబిలిటీ. ఎమరాల్డ్ ఆటలో సముద్రం దాటుతూ లుడికోలోతో టెంటక్రూయెల్‌ని గిగా డ్రెయిన్ కొట్టాను, హెచ్‌పీ ఎర్రగా ఉంది, పీల్చుకుని గట్టెక్కుదామని. ఆ ఎబిలిటీ ఉన్నవాడి దగ్గర పీలిస్తే వచ్చేది ప్రాణం కాదు, విషం, రావాల్సినంతా మీ హెచ్‌పీ నుంచే పోతుంది. లుడికోలో తన దెబ్బకి తానే పడిపోయింది. సేవ్ చేసి గంట దాటింది.

పాత ఆటలు ఆడేవాళ్ల కోసం అదే ఊపులో ఇదీ చెప్పేస్తాను, ఫైర్‌రెడ్, ఎమరాల్డ్‌లలో టీఎం (మూవ్ నేర్పే వస్తువు) ఒక్కసారే పనికొస్తుంది కాబట్టి ఎవరికి నేర్పాలన్నది నిజంగానే ఆలోచించాల్సిన విషయం. ఫైర్‌రెడ్‌లో సెలడాన్ జిమ్‌లో ఎరికాని ఓడిస్తే టీఎం 19 గిగా డ్రెయిన్ చేతికొస్తుంది, పవర్ 60, పీపీ 5. మీ దగ్గర వీనసార్ ఉంటే తొందరపడకండి, దాని రేజర్ లీఫ్ పవర్ 55 అయినా పీపీ 25 ఉంటుంది, క్రిటికల్ ఎక్కువసార్లు పడుతుంది, పొడుగాటి గుహల్లో ఐదు పీపీ ఎంతసేపు వస్తుంది చెప్పండి? లీచ్ సీడ్ ఎలాగూ లెవెల్ 7కే వచ్చేసి ఉంటుంది. ఎమరాల్డ్‌లో రూట్ 123 మీద ఒక అమ్మాయి మీ టీమ్‌లో గ్రాస్ పోకెమాన్ ఉంటే అదే టీఎం ఇస్తుంది. సెప్టైల్‌కి వాడకండి, గ్రోవైల్‌గా ఉన్నప్పుడు లెవెల్ 29లో నేర్చుకున్న లీఫ్ బ్లేడ్ ఆ ఆటలో పవర్ 70, పీపీ 15, గిగా డ్రెయిన్ దాని ముందు నిలవదు. లుడికోలోకి ఇవ్వండి, దానికి సొంతంగా చెప్పుకోదగ్గ గ్రాస్ మూవ్ లేదు, సర్ఫ్, ఐస్ బీమ్ పక్కన గిగా డ్రెయిన్ చక్కగా కూర్చుంటుంది. టెంటక్రూయెల్ కనబడితే మాత్రం వెంటనే వేరే పోకెమాన్‌ని దింపండి.